విలన్ లేని హిందీ ఫ్యామిలీ సినిమా సెకండాఫ్‌లో ఎందుకు జారిపోతుంది?

కాగితప్పడవ అడిగింది:

హిందీలో తీయబోయే ఒక కుటుంబ కథకి స్క్రీన్‌ప్లే పని నడుస్తోంది. లక్నోలో ఉమ్మడి ఇల్లు, మూడు తరాలు, పదకొండు పాత్రలు, ఒక పెళ్లి. నిడివి 140 నిమిషాలు. విలన్ వద్దనుకున్నాం. పెళ్లి సందడితో ఫస్టాఫ్ గడిచిపోతోంది గానీ ఇంటర్వెల్ తర్వాత కథ చప్పబడిపోతోంది. అందరూ మంచివాళ్లే కదా, ఎవరో ఒకరు నోరు విప్పితే అయిదు నిమిషాల్లో తేలిపోయే గొడవలా కనిపిస్తోంది.

'హమ్ ఆప్‌కే హై కౌన్' (1994) 206 నిమిషాలు. అందులోనూ చెప్పుకోదగ్గ విలన్ లేడు. బిందు వేసిన మామి పాత్ర ఉన్నా సూటిపోటి మాటలతో సరి. అయినా ఇప్పటికీ టీవీలో వస్తే ఇంట్లో ఎవరూ రిమోట్ ముట్టుకోరు. అక్కడ ఏం పని చేసింది?

రెండో సందేహం. పదకొండు మందీ భోజనాల బల్ల దగ్గర కూర్చునే సీన్లు నాలుగున్నాయి. ఒక్కోదానికి ఒక కాల్షీట్ సరిపోతుందా? మంచితనం, విలువలు, సంస్కృతి అన్న మాటలు కాకుండా పని ఎలా జరుగుతుందో చెప్పండి.

సీన్‌ఆర్డర్:

మీ జబ్బు మీరే చెప్పేశారు: 'నోరు విప్పితే తేలిపోతుంది.' కాబట్టి ఎవరు ఎందుకు నోరు విప్పలేరో ముందు కట్టాలి. విలన్ చేసే పనిని ఇక్కడ హోదా చేస్తుంది. మరిది, కోడలు, పెద్దకొడుకు, పనివాడు... ఒక్కో హోదాకి నోటికి ఒక్కో తాళం.

'హమ్ ఆప్‌కే హై కౌన్' చివరి భాగాన్ని మెల్లగా విప్పి చూడండి. ప్రేమ్, నిషా ప్రేమించుకున్నారని ఇంటి పెద్దల వరసలో తెలిసింది వదిన పూజ ఒక్కదానికే. ఆమె తన చెల్లెలు నిషాకి నగ ఇచ్చి, పెళ్లి నేను చేయిస్తానని మాటిస్తుంది. ఆ మాట ఇంకెవరి చెవినా పడకముందే మెట్ల మీద నుంచి పడి చనిపోతుంది. చూసేవాళ్లకి అది ప్రమాదం. రాసేవాడి లెక్కలో మాత్రం చెప్పగలిగిన ఏకైక నోరు మూతపడింది. మిగిలిన ఇద్దరి ముందూ తల్లి లేని పసిబిడ్డ ఉన్నాడు. పెద్దవాళ్లు నిషాని పూజ భర్త, ప్రేమ్ అన్న రాజేష్‌కిచ్చి చేద్దామనుకుంటారు. నిషా ఒప్పుకునేది ప్రేమ్‌తో పెళ్లి అనుకుని. నిజం తెలిసేసరికి 'కాదు' అంటే బిడ్డని కాదన్నట్టవుతుంది. ప్రేమ్ నోరెత్తితే అన్న బతుకుని అడ్డుకున్నవాడవుతాడు. పనివాడు లల్లూకి సంగతి తెలిసినా పెద్దల ముందు నోరెత్తే చోటు కాదది. అందుకే ఆఖరికి నిషా ప్రేమ్‌కి రాసిన ఉత్తరం కుక్క నోట్లో పెట్టారు. టఫీని చూసి నవ్వుకునేవాళ్లు బోలెడుమంది ఉన్నారు గానీ, ఆ ఇంట్లో హోదా అంటూ లేని ప్రాణి అదొక్కటే. మిగతా తలుపులన్నీ మూసేశాకే ఆ తలుపు తీశారు.

ఇప్పుడు మీ పదకొండు మందికి ఒక పట్టిక గీయండి. నిలువుగా పేర్లు, అడ్డంగా మూడు గడులు: ఏం తెలుసు, ఎప్పుడు తెలిసింది, ఎవరికి చెప్పకూడదు. మూడో గడి ఖాళీగా ఉన్న ప్రతి పాత్రా సెకండాఫ్‌లో కారిపోయే కుండే. ఆ పాత్రకి తాళం వెయ్యండి, లేదా ఆ సీన్‌లో లేకుండా చూడండి. అదీ కుదరకపోతే ఆ విషయం ఆ పాత్రకి అసలు తెలియకుండా చేసేయండి. ఇంకో సంగతి, 'సమయం వచ్చినప్పుడు చెబుతాలే' అన్న డైలాగ్‌ని తాళం అనుకోకండి. అది రచయిత బద్ధకం. థియేటర్లో మొదట నవ్వేది దానికే.

ఇక పాటలు. ఆ సినిమాలో పద్నాలుగున్నాయి. ఒక్కోటి సగటున అయిదు నిమిషాలే వేసుకున్నా డెబ్బై నిమిషాలు, మూడో వంతు. అవి కథ ఆపవు, ఎందుకంటే చాలా పాటలు ఏదో ఒక వేడుకని మోస్తాయి. నిశ్చితార్థం, పెళ్లికొడుకు చెప్పులు దాచడం, అప్పగింతలు, సీమంతం... ఒక్కో వేడుకలో ఒకరి వరస మారుతుంది. వేడుక మొదట్లో అమ్మాయి, చివర్లో కోడలు. సీమంతం పాట మొదట్లో కోడలు, చివర్లో కాబోయే తల్లి. పాట ముందూ వెనకా వరస మారకపోతే ఆ పాట మీ 140 నిమిషాల్లో బరువే. చెప్పుల పాటలో ఇంకో తెలివి ఉంది. పైకి అది పెళ్లి ఆట, లోపల ప్రేమ్, నిషాల మధ్య పోటీ. రెండు సీన్ల పని ఒక్క పాట చేసేసింది.

పూజ చనిపోవడం సినిమాలో మూడింట రెండొంతులు దాటాక వస్తుంది. అప్పటిదాకా ఇల్లు చూపించారు, ఏం పోతుందో మనకి తెలియడానికి. మీ దాంట్లో దెబ్బ ఇంటర్వెల్‌కే పడుతున్నట్టుంది. దాన్ని ఇంకో ఇరవై నిమిషాలు ఆలస్యంగా పెట్టి చూడండి.

పాతబొమ్మ:

పైన చెప్పిన తాళాల లెక్క 'హమ్ ఆప్‌కే హై కౌన్' తీసిన రాజశ్రీ సంస్థ వాళ్లు కనిపెట్టింది కాదు. హిందీ కుటుంబ సినిమాలో పెద్ద పాయ మద్రాసు స్టూడియోల నుంచే పారింది, అందులో మనవాళ్ల చెయ్యి బాగానే ఉంది.

తెలుగు 'శాంతి నివాసం' (1960) జెమినీ స్టూడియో అధినేత వాసన్ చేతిలో 'ఘరానా' (1961) అయింది. తాతినేని ప్రకాశరావు తెలుగులో తీసిన 'ఇల్లరికం' (1959)ని ఆయనే హిందీలో 'ససురాల్' (1961)గా తీశారు, నిర్మాత ఎల్వీ ప్రసాద్. 'మిస్సమ్మ' ఏవీఎంలో 'మిస్ మేరీ' (1957), దర్శకుడు మళ్లీ ఎల్వీ ప్రసాదే. 'బ్రతుకుతెరువు' (1953) పదహారేళ్ల తర్వాత 'జీనే కీ రాహ్' (1969). దాసరి 'స్వర్గం నరకం' ఆయన చేతులమీదుగానే 'స్వర్గ్ నరక్' (1978). ఆ దారి తొంభైల్లో కూడా మూతపడలేదు. ఎస్వీ కృష్ణారెడ్డి 'శుభలగ్నం' (1994) హిందీలో 'జుదాయీ' (1997).

దీనివల్ల ఒరిగిన లాభం ఏంటంటే, కథ అప్పటికే ఒక భాషలో హాల్లో నడిచి ఉంటుంది. జనం ఎక్కడ ఏడ్చారో, ఎక్కడ లేచి బయటికెళ్లారో నిర్మాతకి తెలుసు. రెండో భాషకి వెళ్లేసరికి కొవ్వు కరిగిపోయి ఉంటుంది. మీకు ఆ సౌకర్యం లేదు కాబట్టి పని చెబుతున్నా: స్క్రిప్ట్ మొత్తాన్ని సినిమావాళ్లు కానివాళ్లకి, కనీసం రెండు తరాల వాళ్లకి ఒకే గదిలో చదివి వినిపించండి. డైలాగులు నటించొద్దు, చదవండి చాలు. ఎవరు ఎక్కడ ఫోన్ తీశారో మార్జిన్‌లో గీత పెట్టుకోండి.

'బాగ్‌బాన్' (2003) చూసి కళ్లు తుడుచుకున్నవాళ్లు 'బడిపంతులు' (1972) కూడా చూడాలి. అది కన్నడ 'స్కూల్ మాస్టర్' (1958)కి తెలుగు రూపం. ముసలి తల్లిదండ్రుల్ని పిల్లలు వాటాలేసుకుని విడదీయడం అక్కడే ఉంది. హాలీవుడ్‌లో ఇంకా ముందు, 1937లోనే లియో మెక్కరీ తీశాడు. ఇన్నిసార్లు తీసినా చావని పాయింట్ అది.

ట్రాలీ_పట్టాలు:

భోజనాల బల్ల సంగతికి వస్తాను. ఒక్క కెమెరాతో, ఒక్క కాల్షీట్‌లో, పదకొండు మందితో నాలుగు నిమిషాల సీన్ కుదరదు. లెక్క చూడండి. అటువైపు నుంచి ఒక మాస్టర్ (అందరూ కనిపించే షాట్), ఇటువైపు నుంచి ఒకటి. ఇద్దరిద్దరు, ముగ్గురు ముగ్గురుగా అయిదు షాట్లు. ముఖ్యమైన ఆరుగురికి క్లోజులు, వాటికి తోడు సజెషన్లు (ఒకరి భుజం మీదుగా ఎదుటివాళ్లని తీసే షాట్లు) నాలుగు. తిండి, చేతులు, గ్లాసు లాంటి ఇన్సర్ట్‌లు రెండు మూడు. ఇరవై దాకా తేలాయి. ఒక్కోదానికి లైటింగ్, రిహార్సల్, టేకులు కలిపి అరగంట అనుకున్నా పది గంటలు. తొమ్మిది నుంచి ఆరు కాల్షీట్‌లో భోజనం, మేకప్ పోగా మీకు మిగిలేది ఏడు, ఏడున్నర. కాబట్టి సీన్‌కి ఒకటిన్నర రోజు రాసుకోండి. నాలుగు సీన్లూ అదే గదిలో, అదే పగటి వెలుతురులో జరిగేవైతే వరసగా పెట్టి ఆరు రోజుల పని అయిదున్నరలో ముగించొచ్చు.

కష్టం కెమెరాది కాదు, కాంబినేషన్ డేట్లది. పదకొండు మంది ఒకే రోజు దొరకాలి. అందుకే చాలామంది అందరూ ఉన్న మాస్టర్‌ని మొదటి రోజు పొద్దున్నే తీసేసి, తర్వాత డేట్ లేనివాళ్లని వదిలేసి క్లోజులు విడిగా లాగుతారు. అక్కడే దొరికిపోతారు. ఎదుట మనిషి లేకుండా తీసిన క్లోజులో లుక్ తప్పుతుంది. అత్త కోడలి కేసి కాకుండా కోడలి భుజం వెనక గోడ కేసి చూస్తున్నట్టు వస్తుంది. స్టాండ్ మీద టేప్ ముక్క అంటించి దాన్ని చూడమంటే చాలదు, ఆ ఎత్తున ఒక అసిస్టెంట్ కూర్చుని డైలాగ్ ప్రాంప్ట్ చెప్పాలి. కళ్లు కదలాలి మరి.

లైన్ దాటడం రెండో గండం. అంటే ఎదురెదురు మనుషుల మధ్య ఊహించుకునే గీతకి కెమెరా ఒకే పక్క ఉండాలి, అటు దాటితే ఎవరు ఎటు చూస్తున్నారో తికమక అవుతుంది. పొడుగాటి బల్లకి గోడ పక్క వరస, కిటికీ పక్క వరస ఉంటాయి. తలవైపు కూర్చున్న తాతగారి నుంచి ఎదురు చివరికి ఒక గీత అనుకుని, కిటికీ పక్క నుంచే కెమెరా పెట్టాలనుకుంటే ఆ వరసలో వాళ్లందరి వీపులే వస్తాయి. దీనికి మందు, మాటకి మాట అనుకునే ఇద్దరి మధ్యే గీత గీయడం. ఆ జంట మారినప్పుడు గీత మార్చండి. మార్చే ముందు తాతగారి మీద ఎదురుగా ఒక షాట్ వేస్తే చూసేవాడికి తల తిరగదు. ఇంకో సులువు: కోపం ఉన్న ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టకండి. ఒకే వరసలో, మధ్యలో ఒక మనిషిని వదిలి కూర్చోబెట్టండి. ఒకరినొకరు చూడాలంటే మధ్య మనిషి ముందు నుంచి వంగి చూడాలి. ఆ మధ్య మనిషి మొహమే మీ సీన్.

తిండి గురించి ఎవరూ రాయరు గానీ సగం కంటిన్యూటీ (షాట్‌కీ షాట్‌కీ పొంతన) గొడవలు అక్కడే. ఏ మాట దగ్గర ఎవరు ముద్ద నోట్లో పెట్టాలో సీన్ పేపర్ మీద ముందే గుర్తు పెట్టాలి. డైలాగ్ ఉన్నవాళ్లు తుంచాలి, కలపాలి, నోట్లో మాత్రం పెట్టకూడదు. డైలాగ్ లేనివాళ్లే తినాలి. పూరీ పది నిమిషాల్లో చప్పబడిపోతుంది, కాబట్టి క్లోజుల్లో పూరీ వద్దు, రోటీ పెట్టండి. పెరుగు లైట్ల కింద పైన తెట్టు కడుతుంది, దాన్ని టేక్ టేక్‌కీ మార్చాలి. ఒక్కో కంచానికి కనీసం పదిసార్లు తిరిగి వడ్డించేంత సరుకు సిద్ధంగా ఉంచుకోండి. బల్ల గుడ్డ కింద పల్చటి రబ్బరు షీటు పరిస్తే కంచాల చప్పుడు సగం తగ్గుతుంది. గాజులు ఎక్కువున్న నటీమణుల చేత క్లోజులప్పుడు ఫ్రేమ్‌లో పడని చేతి గాజులు తీయించండి. లొకేషన్ సౌండ్ తీసుకుంటున్నారు కదా, తర్వాత ఎడిటర్ మీకు దణ్ణం పెడతాడు.

ఒకరి మాట మీద ఒకరు పడి అరుచుకునే సీన్ కావాలంటే ఒక్కొక్కరికీ విడి లేపెల్ మైకు, విడి సౌండ్ ట్రాక్ ఉండాలి. మాస్టర్‌లో పడి అరవనివ్వండి. క్లోజుల్లో మాత్రం ఎదుటివాళ్లు పెదవులాడించాలి, గొంతు విప్పకూడదు, లేకపోతే మాట దగ్గర కట్ పడదు. శకున్ బత్రా 'కపూర్ అండ్ సన్స్' (2016)లో ప్లంబర్ వచ్చినప్పటి గొడవ చూడండి. పైపుల పని, అన్నదమ్ముల పోట్లాట, మొగుడూపెళ్లాల పోట్లాట ఒకే ఇంట్లో ఒకేసారి నడుస్తాయి. ఎవరి మాటా పోదు.

లిప్‌సింక్:

మీరు తెలుగులో ఆలోచించి హిందీకి రాస్తున్నట్టున్నారు. అందుకే ఈ హెచ్చరిక: వరసలు చూసుకోండి. ఇక్కడ చాలా మంది బోల్తా పడతారు.

వదిన చెల్లెలు మనకి మరదలు. పెళ్లి మాట రాకముందే భాష ఆ ఇద్దరినీ జత కట్టేస్తుంది. హిందీ ఇళ్లలో భాభీ చెల్లెలు అన్నకి సాలీ, తమ్ముడికి ఆ స్థాయిలో నిలబడ్డ పిలుపేమీ లేదు. అందుకే ఆ ప్రేమ గుట్టుగా మొదలవడం అక్కడ సహజం. అదే కథ తెలుగులోకి 'ప్రేమాలయం'గా డబ్ అయి వచ్చినప్పుడు, 'మరదలే కదా, అడిగితే పోలా' అని ముందు వరసలో కూర్చున్న పెద్దావిడకి అనిపిస్తే తప్పు ఆవిడది కాదు. మేనరికం ఉన్న ఊళ్లో సగం పెళ్లిళ్లు పుట్టుకతోనే మాట్లాడుకునేవి. ఉత్తరాది హిందూ కుటుంబాల్లో మేనమామ కూతురు చెల్లెలు. మీ లక్నో కథలో 'మావయ్య కూతురు' ట్రాక్ ఏమైనా ఉంటే ఇవాళే తీసేయండి.

బావ అన్న మాటొకటి. అక్క మొగుడు, మొగుడి అన్న, మేనమామ కొడుకు ముగ్గురూ మనకి బావలే. హిందీలో జీజా, జేఠ్, మమేరా భాయీ. ఈ ముగ్గురి ముందూ ఆడపిల్ల నిలబడే తీరు వేరు. జీజాతో సరసం, జేఠ్ ముందు తల మీద కొంగు. డైలాగ్ ఒక్కటే రాసి ముగ్గురికీ వాడేస్తే నటి ఒంటి భాష తప్పుతుంది.

మీ సినిమా తర్వాత తెలుగులో డబ్ చేసే ఉద్దేశం ఉంటే ఇంకో చిక్కు. హిందీ పిలుపుల్లో పెదవులు తెగ కలుస్తాయి: భాభీ, భయ్యా, బాబూజీ, పాపా, మా. మన అన్నయ్య, వదిన, నాన్నగారు పలికితే పెదవులు కలవవు. క్లోజులో 'భాభీ' అని రెండుసార్లు మూసిన నోటికి 'వదినా' అతకదు. 'వదినమ్మా' అంటే చివర్లో ఒక మూత దొరుకుతుంది. 'భయ్యా'కి 'మా అన్నయ్యా' పెట్టి ముందు మూత పట్టుకుంటారు. క్రియ రెండు భాషల్లోనూ వాక్యం చివరే కాబట్టి మిగతా లిప్ పెద్దగా ఏడిపించదు. షూటింగ్‌లోనే పిలుపు పలికే క్షణానికి పిలిపించుకునేవాళ్ల మొహం మీద రియాక్షన్ ఒకటి తీసి ఉంచుకుంటే డబ్బింగ్ రచయిత బతికిపోతాడు.

ఆ 'ప్రేమాలయం' హీరో సల్మాన్‌కి హిందీలోనే పాటలు పాడింది మన బాలు. ఆయన 'మైనే ప్యార్ కియా' (1989)తో ఫిలింఫేర్ కూడా అందుకున్నారు. అందుకే ఆ డబ్బింగ్ పాటలు మనకి పరాయిగా అనిపించలేదేమో.

కాగితప్పడవ:

పట్టిక గీశాను. పదకొండులో అయిదు పాత్రలకి మూడో గడి ఖాళీ. తాతగారికైతే ఏ తాళమూ లేదు, ఆయన ఒక్క మాటతో సినిమా ఆపేయగలడు. ఇంకొక్కటి చెప్పండి. ఇప్పుడు ఇలాంటివి ఎవరు చూస్తారని నిర్మాత అంటున్నారు. 2000 జులైలో 'క్యూంకీ సాస్ భీ కభీ బహూ థీ' వచ్చాక ఈ సరుకంతా సీరియళ్లకి పోయిందట.

సీన్‌ఆర్డర్:

కొంత నిజం. కానీ ఆ సీరియల్ మొదలైన ఏడాదిన్నరకి, 2001 డిసెంబరులో 210 నిమిషాల 'కభీ ఖుషీ కభీ గమ్' వచ్చి ఆడింది. ఇల్లు బయట నుంచి చూపించింది ఇంగ్లండ్‌లోని వాడెస్‌డన్ మేనర్, లోపల బొంబాయిలో వేసిన సెట్. టీవీ చెయ్యలేని వైభవం అది. సీరియల్ గుట్టుని ఏళ్ల తరబడి సాగదీస్తుంది, సినిమా గుట్టుకి గడువు పెడుతుంది. మీ నిర్మాతకి ఆ గడువు ఏంటో చెప్పండి: పెళ్లి తేదీ, రిజిస్ట్రేషన్, వీసా, ఏదో ఒకటి.

తాతగారికి మరపు మాత్రం పెట్టకండి, అందరూ అదే పెడుతున్నారు. విషయాన్ని ఆయన ఇచ్చిన మాటతోనే ముడిపెట్టండి. అప్పుడు చెప్పగలిగినవాడే చెప్పకూడనివాడవుతాడు.

పాతబొమ్మ:

టీవీలో ఎందుకు నిలబడతాయన్నదానికి నా లెక్క వేరే. ఈ సినిమాలు వేడుకల ముక్కలుగా కట్టినవి, మధ్యలో ఎక్కడ పెట్టినా పది నిమిషాల్లో ఎవరు ఎవరికి ఏమవుతారో తెలిసిపోతుంది, పిలుపులే చెప్పేస్తాయి. ప్రకటనల కోసం ఎక్కడ నరికినా ప్రాణం పోదు. మిస్టరీ సినిమాని అలా నరకలేరు. హిందీ 'సూర్యవంశం' (1999) అందుకు సాక్ష్యం. ఈవీవీ సత్యనారాయణ దర్శకత్వం, మన సౌందర్య నాయిక, ఆమెకి గొంతు రేఖది. థియేటర్లో అంతంతమాత్రంగా ఆడింది. అదే ఏడాది మొదలైన సెట్ మ్యాక్స్ టీవీ ఛానల్ దాన్ని వేసి వేసి దేశం చేత బట్టీ పట్టించింది. జోకులు పుట్టాయి, అయినా చూస్తారు.

'హమ్ ఆప్‌కే హై కౌన్' విషయంలో వ్యాపారం కూడా తోడైంది. రాజశ్రీ 1947లో పంపిణీ సంస్థగా పుట్టింది కాబట్టి ప్రింట్లు వాళ్ల చేతిలోనే ఉన్నాయి. మొదట తక్కువ హాళ్లలో వేశారు, వీడియో క్యాసెట్ బయటికి రానివ్వలేదు. చూడాలంటే కుటుంబం మొత్తం హాలుకి రావాలి. ఓటీటీకి అమ్మేశాక మీకు ఆ ఆట లేదు.

ట్రాలీ_పట్టాలు:

చివరగా ఒక చిన్న విషయం. 'బాగ్‌బాన్'లో కొడుకింట్లో తండ్రి రాత్రిపూట టైప్‌రైటర్ కొడుతుంటే కోడలికి నిద్ర పట్టదు. ఎవరూ కొట్టలేదు, తిట్టిందీ పెద్దగా లేదు. అది చప్పుడు మీద నడిచే సీన్, మాట మీద కాదు. మీ ఇంట్లో అలాంటి వస్తువు ఒకటి ఎంచుకుని, దాని చప్పుడు మొదటి పావుగంటలోనే ముద్దుగా వినిపించండి. సెకండాఫ్‌లో అదే చప్పుడు చిరాకు తెప్పించాలి. సౌండ్ వాళ్లకి ముందే చెప్పి విడిగా వైల్డ్ ట్రాక్ (కెమెరా లేకుండా చప్పుడు మాత్రమే) తీయించుకోండి, రెండు నిమిషాలు ఆగకుండా, దగ్గర నుంచి ఒకటి, పక్క గదిలోంచి తలుపు మూసి ఒకటి. తలుపు మూసింది మర్చిపోతారు, తర్వాత ఎడిట్‌లో దానికోసమే వెతుక్కుంటారు.